నోటి టీకాలకు మొక్కల నానో పదార్థాలు: ప్రాజెక్టుకు సలహా కావాలి

నందివర్ధనం | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. గుంటూరులో ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మా గైడు గారు ‘మొక్కల నుంచి తీసిన నానో పదార్థాలతో నోటి టీకాలు’ అనే అంశం చేతిలో పెట్టారు. చదవడం మొదలుపెట్టాక దారీతెన్నూ తెలియడం లేదు. ఒక పరిశోధన పత్రం మొక్కజొన్నలోని జెయిన్ అనే ప్రోటీన్ గురించి చెబుతుంది. ఇంకొకటి అలసంద మొక్కకు పట్టే వైరస్ అంటుంది. మరొకటి అల్లం రసంలోని సూక్ష్మ తిత్తులు, వేరొకటి వేపాకు రసంతో చేసిన వెండి నానో కణాలు. ఇవన్నీ ఒకే పేరు కింద ఎలా చేరాయో బోధపడలేదు.

నాకున్న సమయం ఆరు నెలలు. జంతువుల మీద ప్రయోగాలకు అనుమతి లేదు. కళాశాలలో కణాల పరిమాణం కొలిచే యంత్రం, ఎలైజా (యాంటీబాడీలతో ప్రోటీన్‌ను గుర్తించే పరీక్ష) రీడర్ ఉన్నాయి. చింతగింజల జిగురు, ఆల్జినేట్, జెయిన్ తేలిగ్గానే దొరుకుతాయి. వీటిలో దేన్ని పట్టుకోవాలి?

ఇంకో సందేహం. ఇన్నేళ్ళుగా ఇన్ని పత్రాలు వస్తున్నా ఇలాంటి టీకా ఒక్కటి కూడా పీహెచ్‌సీలో ఎందుకు కనిపించదు?

కృష్ణాతీరం | ఆదివారం, రాత్రి 9:40

రెండో ప్రశ్నకు నేను చెబుతాను. పనిచేయవు కనుక లేవు. నేను డిగ్రీ చదివే రోజుల్లోనే ఆదివారం అనుబంధాల్లో ‘ఇక అరటిపండే టీకా’ అని బొమ్మలతో సహా వచ్చేది. ఆ అరటిపండు ఇంతవరకు పండలేదు. అప్పట్లో జన్యుమార్పిడి అన్నారు, ఇప్పుడు నానో అంటున్నారు. పేరు మారిస్తే నిధులు మళ్ళీ వస్తాయి, అంతే.

పాతసీసా | ఆదివారం, రాత్రి 10:25

కృష్ణాతీరం గారూ, మీ వెటకారంలో కొంత న్యాయం ఉంది. అయితే ‘పనిచేయవు’ అనే మాట మాత్రం నిలవదు. హైదరాబాద్‌లో టీకాల తయారీలో, నాణ్యత విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది చెబుతాను.

అరటిపండు మాట అమెరికాలో చార్లెస్ ఆర్న్‌ట్‌జెన్ బృందంతో మొదలైంది. 1992లో వాళ్ళు హెపటైటిస్ బి వైరస్ ఉపరితల ప్రోటీన్‌ను పొగాకు మొక్కలో తయారు చేయించారు. ఆ తర్వాత బంగాళాదుంపకు వచ్చారు. 1998లో బాల్టిమోర్‌లో ఏకంగా మనుషులకే పెట్టి చూశారు. విరేచనాలు కలిగించే ఈ.కోలై విషంలో హాని చేయని ఒక భాగాన్ని ఆ దుంపలు తయారు చేస్తాయి. ఆ పచ్చి దుంప ముక్కలు తిన్నవారు 11 మంది. వారిలో 10 మందికి రక్తంలో యాంటీబాడీలు పెరిగాయి. 2000లో నోరోవైరస్ ప్రోటీన్ ఉన్న దుంపలతోనూ స్పందన వచ్చింది, కాకపోతే ఒక మోస్తరుగా.

మరి ఎక్కడ ఆగింది? మోతాదు దగ్గర. ఒక దుంపలో ఉన్నంత యాంటిజెన్ (శరీరం గుర్తుపట్టి స్పందించే టీకా భాగం) పక్క దుంపలో ఉండదు. పండు పచ్చిగా ఉన్నప్పుడు ఒక లెక్క, మాగాక ఇంకో లెక్క. ఉడికిస్తే ప్రోటీన్ దెబ్బతింటుంది, పచ్చి దుంప పసిపిల్లలు తినరు. బ్యాచ్‌లోని ప్రతి సీసాలోనూ ఒకే మోతాదు ఉందని తేల్చి సంతకం పెట్టడమే నా ఉద్యోగమంతా. చెట్టు నుంచి కోసిన పండు మీద ఆ సంతకం ఎవరూ పెట్టలేరు. అందుకే పరిశోధకులు పండును వదిలేశారు. మొక్కలోంచి కావలసిన పదార్థం తీసి, తూచి, కొలిచి, అందులో టీకాను పొదిగే పనిలో పడ్డారు. పేరు మార్పు కాదండీ, పని తీరే మారింది.

సూక్ష్మదర్శిని | సోమవారం, ఉదయం 1:05

నేను జర్మనీలో పేగుల రోగనిరోధక వ్యవస్థ మీద పోస్ట్‌డాక్ చేస్తున్నాను, అందుకే ఈ వేళకాని వేళ.

నందివర్ధనం, ముందు ఆ వెండి కణాలను పక్కన పెట్టండి. ఆకు రసంతో వెండి లవణాన్ని కణాలుగా మార్చడంతో మొక్క పాత్ర ముగిసిపోతుంది. కడుపులోకి వెళ్ళేది లోహమే. మన విశ్వవిద్యాలయాల నుంచి అలాంటి పత్రాలు కుప్పలుగా వస్తాయి కాబట్టి వెతకగానే అవే ఎదురవుతాయి.

మిగిలినవాటిలో మొదటిది, మీరు చేయగలిగింది: మొక్క పదార్థాన్ని శుద్ధి చేసి దానితోనే కణం కట్టడం. జెయిన్, పిండిపదార్థం, చింతగింజల జిగురు ఈ కోవలోకి వస్తాయి. ఆల్జినేట్ గోధుమ రంగు సముద్రపు నాచు నుంచి వస్తుంది. వృక్షశాస్త్రం వాళ్ళు దాన్ని మొక్క అనరు గానీ ఈ రంగంలో అందరూ కలిపే లెక్కిస్తారు.

తర్వాతది మొక్కల వైరస్. అలసంద మొజాయిక్ వైరస్ సుమారు 30 నానోమీటర్ల గూడు. రెండు రకాల ప్రోటీన్లు, ఒక్కొక్కటి 60 ప్రతులు, వాటంతట అవే చేరి ఆ గూడు కట్టుకుంటాయి. పైన మనకు కావలసిన యాంటిజెన్ ముక్కను అతికించవచ్చు. మనుషుల జీవకణాల్లో అది పెరగదు. 2005లో ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి చూస్తే జీర్ణరసాలను తట్టుకుని పేగు దాటింది, ఇతర అవయవాల్లోనూ కనిపించింది.

ఇంకో దారిలో మొక్క జీవకణమే గుళిక. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హెన్రీ డానియెల్ బృందం లెట్యూస్ ఆకుల క్లోరోప్లాస్టులలో (ఆకుకు పచ్చదనం ఇచ్చే భాగాల్లో) యాంటిజెన్‌ను తయారు చేయించి, ఫ్రీజ్ డ్రయింగ్ చేసి, అంటే గడ్డకట్టించి తేమ తీసేసి, పొడిగా మారుస్తుంది. సెల్యులోజ్ గోడను మన జీర్ణరసాలు కరిగించలేవు, పేగుల్లోని బ్యాక్టీరియా కరిగిస్తుంది. అంటే విడుదల కావలసిన చోటనే విడుదల. ఇది నానో కాదు, కానీ ఈ చర్చలో దాన్ని వదిలేస్తే కథ కుంటుతుంది. పుప్పొడి, బీజాంశాల గుల్లలూ అంతే. లైకోపోడియం అనే మొక్క బీజాంశాల్లోని ప్రోటీన్లన్నీ తీసేసి ఖాళీ గుల్లల్లో యాంటిజెన్ నింపి, 2014లో టెక్సాస్‌లో ఎలుకలకు ఇచ్చారు. అవి 30 మైక్రోమీటర్ల వరకు ఉంటాయి, నానో కన్నా ఎంతో పెద్దవి.

చివరగా రసాల్లోని తిత్తులు. అల్లం, ద్రాక్ష, నారింజ రసాల్లో కొవ్వు పొర చుట్టిన సహజ తిత్తులు ఉంటాయి. ఇటలీలోని తురిన్ బృందం 2023లో నారింజ రసం తిత్తుల్లో కోవిడ్ టీకా ఎంఆర్‌ఎన్‌ఏను నింపి ఎలుకలకు నోటి ద్వారా, ముక్కు ద్వారా ఇచ్చి చూసింది. యాంటీబాడీలు వచ్చాయి.

కృష్ణాతీరం | సోమవారం, ఉదయం 7:30

వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. ఎలుక, ఎలుక, ఎలుక. ఈ లోకంలో పుడితే ఎలుకగా పుట్టాలి, అన్ని రోగాలకూ టీకా ఉంది.

పల్లెనర్సు | సోమవారం, మధ్యాహ్నం 2:15

నేను ఏఎన్‌ఎంని. పరిశోధన సంగతి నాకు తెలియదు గానీ టీకా బిడ్డ దాకా ఎలా చేరుతుందో తెలుసు. ఒక్క మాట చెప్పాలనిపించింది.

నోటి టీకా అనగానే సూది అక్కర్లేదు, ఐసు పెట్టె అక్కర్లేదు అని రాసేస్తారు. సూది లేకపోవడం నిజమే, తల్లులు ఎంతో ఊరట పడతారు. కానీ పోలియో చుక్కలు, రోటా చుక్కలు కూడా నోట్లో వేసేవే కదా. అవీ ఐసు ప్యాకుల మధ్యే వస్తాయి. పోలియో సీసా మీద వలయం లోపల చిన్న చతురస్రం ఉంటుంది. వేడి తగిలితే అది నల్లబడుతుంది, వలయం రంగుతో కలిసిపోతే ఆ సీసా పారేయాలి. బుధవారం, శనివారం టీకాల రోజు. కరెంటు పోతే మా అందరి కళ్ళూ పీహెచ్‌సీ ఫ్రిజ్‌లోని ఉష్ణోగ్రత మీదే ఉంటాయి. 2 నుంచి 8 డిగ్రీలు దాటకూడదు.

మీరు చేసే పొడి ఏదైనా మే నెల ఎండలో సంచిలో పెట్టుకుని వెళ్ళగలిగితే, అప్పుడు అది మాకు పనికొచ్చే సంగతి. ఇంకొకటి, ఆరు వారాల బిడ్డకు ఎన్ని మిల్లీలీటర్లు పట్టగలం? చుక్కల్లో అయితే సరే. చెంచాలకొద్దీ పోయాలంటే సగం చొక్కా మీదే పడుతుంది.

పాతసీసా | సోమవారం, సాయంత్రం 5:50

నర్సమ్మా, మీరు చెప్పిన రెండు పరీక్షలూ ఏ పరిశోధన పత్రంలోనైనా మొదటి పేజీలోనే ఉండాలి.

ఎండ పరీక్షలో నెగ్గింది ఒకటుంది, వరి గింజ. టోక్యో విశ్వవిద్యాలయంలో హిరోషి కియోనో బృందం కలరా విషంలోని హాని లేని బి భాగాన్ని బియ్యంలో తయారు చేయించింది. దాని పేరు మ్యూకోరైస్. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం గది ఉష్ణోగ్రతలో ఏడాదిన్నర దాటినా పాడవలేదు. గింజ తన ప్రోటీన్లను దాచుకునే చిన్న చిన్న ప్రోటీన్ మూటల్లోనే ఈ యాంటిజెన్ కూడా చేరుతుంది, అందువల్ల కడుపులో ప్రోటీన్లను జీర్ణం చేసే పెప్సిన్ దాన్ని వెంటనే ముక్కలు చేయలేకపోయింది. ఎవరూ ప్రయోగశాలలో కట్టని గుళిక అది, మొక్కే కట్టింది.

కృష్ణాతీరం గారికి ఎలుకల బెడద తీరాలి కనుక చెబుతున్నాను: దాన్ని జపాన్‌లో ఆరోగ్యవంతులైన 60 మంది పురుషుల మీద పరీక్షించారు. బియ్యప్పిండిని ద్రవంలో కలిపి రెండు వారాలకొకసారి, మొత్తం నాలుగు సార్లు తాగించారు. కొందరికి ఉత్తుత్తి బియ్యం. 2021లో ఫలితాలు వచ్చాయి. భద్రత విషయంలో ఇబ్బంది లేదు, యాంటీబాడీలు వచ్చాయి. కానీ అందరికీ కాదు. స్పందించినవారికీ స్పందించనివారికీ పేగుల్లోని బ్యాక్టీరియాలో తేడా ఉంది. ఆ ఒక్క వాక్యం చాలా దూరం తీసుకెళ్తుంది, తర్వాత చెబుతాను.

వరిచేను | సోమవారం, రాత్రి 8:20

పాతసీసా గారూ, వరి అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ టీకా వరిని ఎవరైనా మా పక్క పొలంలో వేస్తే? గాలికి పుప్పొడి వస్తుంది, కోత యంత్రంలో గింజలు మిగులుతాయి, మిల్లులో కలుస్తాయి. అన్నంలో కలరా టీకా తినమంటారా?

సూక్ష్మదర్శిని | సోమవారం, రాత్రి 11:45

మీ భయం ఊహ కాదండీ, అమెరికాలో జరిగింది. ప్రొడిజీన్ అనే సంస్థ పందుల విరేచనాల టీకా కోసం జన్యుమార్పిడి మొక్కజొన్న పండించింది. మరుసటి పంటగా వేసిన సోయాలో ఆ మొక్కజొన్న మళ్ళీ మొలిచింది. 2002లో నెబ్రాస్కాలో సుమారు 5 లక్షల బుషెళ్ళ (అమెరికా ధాన్యపు కొలత) సోయాను నాశనం చేయాల్సి వచ్చింది. సంస్థకు 2,50,000 డాలర్ల జరిమానా, దానిపై శుభ్రం చేసే ఖర్చు అదనం. తినే టీకాల మీద పెట్టుబడిదారులకు మోజు తగ్గడానికి అదీ ఒక కారణం.

జపాన్ వాళ్ళు అందుకే ఆ వరిని పొలంలో వేయలేదు. మూసి ఉన్న భవనంలో, మట్టి లేకుండా నీటి సేద్యంతో పండించారు. క్లోరోప్లాస్టు పద్ధతిలో ఇంకో వెసులుబాటు ఉంది. చాలా పంటల్లో క్లోరోప్లాస్టు తల్లి మొక్క నుంచే సంక్రమిస్తుంది, పుప్పొడితో రాదు. పైగా పూత రాకముందే ఆకు కోస్తారు. మన దేశంలో 2010 ఫిబ్రవరిలో జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయనే ఆపేశారు. టీకా వరి బయటి పొలంలోకి వస్తుందని నేననుకోను.

నందివర్ధనం ప్రాజెక్టుకు ఈ తలనొప్పి లేదు. జెయిన్ మామూలు మొక్కజొన్నదే, టీకా యాంటిజెన్ వేరే చోట తయారవుతుంది. రెండింటినీ కలపడమే పని.

పశువైద్యుడు_అనంత | మంగళవారం, ఉదయం 6:40

మనుషుల దాకా ఎందుకు, ముందు పశువుల దగ్గర మొదలుపెట్టండి అంటాను. బెంగళూరు ఐఐఎస్సీలో (భారతీయ విజ్ఞాన సంస్థలో) వేరుశనగ మొక్కలో ముసర వ్యాధి వైరస్ ప్రోటీన్‌ను తయారు చేయించి ఆ ఆకును పశువులకు మేపారు. 2003లో ప్రచురించారు. ఎలుకలు కాదు, నిజమైన పశువులు! ఆ వైరస్‌ను గుర్తించే యాంటీబాడీలు వాటి రక్తంలో కనిపించాయి. మా అనంతపురంలో వేరుశనగ కట్టె తినని పశువు ఉండదు. ఆ పత్రం చదివిన రోజు నాకు పండుగే.

అయితే ముసర వ్యాధి ప్రపంచం నుంచి పోయింది, 2011లో ప్రకటించారు. పోగొట్టింది మాత్రం మామూలు సూది టీకాయే.

ఇప్పటి అవసరం పెరటి కోళ్ళది. కొక్కెర తెగులుకు కంటి చుక్కలు, నీళ్ళలో కలిపే టీకాలు ఉన్నాయి. సీసా తెరిస్తే వంద కోళ్ళ మోతాదు, ఊళ్ళో ఒక్కో ఇంట్లో పదో పన్నెండో. ఎండలో ఆ సీసా ఎంతసేపు ఆగుతుంది? గింజల్లో కలిపి చల్లే పొడి వస్తే మా పని సగం తగ్గుతుంది. 2006లో అమెరికాలో ఇదే తెగులుకు పొగాకు జీవకణాల్లో తయారైన టీకాకు అనుమతి వచ్చింది. మొక్క జీవకణాల టీకాకు అదే మొదటి అనుమతి. కంపెనీ దాన్ని అమ్మకానికి తేలేదు. అనుమతి ఒకటి, అంగడి ఒకటి.

నందివర్ధనం | మంగళవారం, రాత్రి 9:05

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. ఒక చిలిపి ప్రశ్న. మొక్కల సాపోనిన్లతో నానో కణాలు కడతారని చదివాను. సాపోనిన్లంటే మన కుంకుడుకాయలో నురుగునిచ్చేవే కదా? అయితే కుంకుడుకాయతో చేయకూడదా?

పాతసీసా | మంగళవారం, రాత్రి 10:10

చిలిపి ప్రశ్న కాదమ్మా, ఈ చర్చలో అన్నిటికన్నా నిజానికి దగ్గరగా ఉన్న ప్రశ్న. ‘పీహెచ్‌సీలో ఒక్కటీ కనిపించదు’ అన్నారు కదా. నోటి టీకాల్లో లేదు. సూది టీకాల్లో మొక్కల నానో పదార్థం లక్షల మంది శరీరంలోకి ఇప్పటికే వెళ్ళింది.

చిలీ దేశంలో క్విల్లాజా అనే చెట్టు ఉంది. దాని బెరడు కూడా నీళ్ళలో నురుగు కడుతుంది. ఆ సాపోనిన్లను కొలెస్ట్రాల్‌తో, ఫాస్ఫోలిపిడ్‌తో కలిపితే 40 నానోమీటర్ల పంజరం లాంటి కణాలు ఏర్పడతాయి. స్వీడన్‌లో బ్రోర్ మోరైన్ బృందం 1984లో దీన్ని చూపింది. వాటికి ఇస్కామ్ అని పేరు. ఆ వంశంలోదే మ్యాట్రిక్స్-ఎం. పుణేలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేసే ఆర్21 మలేరియా టీకాలో ఉన్నది అదే. 2023 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను సిఫారసు చేసింది. అదే చెట్టు నుంచి శుద్ధి చేసిన క్యూఎస్-21 అనే అణువు షింగ్రిక్స్ అనే సర్పి టీకాలో ఉంది.

ఇస్కామ్‌లను ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి కూడా ఫలితం చూశారు. ఆ దారి ఇంకా మనుషుల టీకాగా మారలేదు.

కుంకుడు సాపోనిన్లు వేరు, క్విల్లాజావి వేరు. నురుగు రావడం ఒక్కటే చాలదు. సాపోనిన్లు ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, చేపలను చంపుతాయి. క్విల్లాజాలో కూడా ఎన్నో భాగాల్లోంచి విషగుణం తక్కువైనవి ఏరడానికి ఏళ్ళు పట్టింది. కొలెస్ట్రాల్‌తో కలిపి పంజరం కట్టడం వల్ల ఆ విషగుణం ఇంకా తగ్గింది. కుంకుడుతో ఆ పని ఆరు నెలల్లో తేలదు. పీహెచ్‌డీకి దాచుకోండి.

ఆరోగ్యపథం | బుధవారం, ఉదయం 8:00

అయితే పిల్లలకు రోటా చుక్కలు వేయించేటప్పుడు అల్లం రసం కూడా ఇస్తే టీకా బాగా పట్టుతుందా? తిత్తులు సహాయం చేస్తాయన్నారు కదా.

పల్లెనర్సు | బుధవారం, ఉదయం 8:25

వద్దండీ. ఆరు వారాల బిడ్డకు తల్లిపాలు తప్ప ఏదీ పట్టకూడదు.

సూక్ష్మదర్శిని | బుధవారం, మధ్యాహ్నం 12:30

నర్సు గారు చెప్పిందే. ఆ నారింజ రసం ప్రయోగంలో తిత్తులను వేరు చేసి, లోపల ఎంఆర్‌ఎన్‌ఏను నింపి ఇచ్చారు. రసం పక్కన పోస్తే ఏదీ నిండదు.

నందివర్ధనం గుంటూరు అన్నారు కాబట్టి ఒక ముచ్చట. మొక్కల వైరస్ కడుపు దాటుతుందా అని సందేహపడేవారికి మిరపకాయే సాక్ష్యం. మిరప జాతికి పట్టే పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్ అని ఒకటుంది, సుమారు 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల వెడల్పు ఉన్న పుల్ల ఆకారం. 2006లో అమెరికా, సింగపూర్‌ల నుంచి తీసిన మనుషుల మలంలోని ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లను వెతికితే అన్నిటికన్నా ఎక్కువగా దొరికింది ఇదే. బయటికి వచ్చాక కూడా మొక్కలకు అంటగలిగే స్థితిలో ఉంది. నీటిలో మనుషుల మలం కలిసిందో లేదో తేల్చడానికి ఇప్పుడు దాన్నే వెతుకుతున్నారు. ఆవకాయ తినే జాతిగా మనం ఈ నానో కణాలను తరతరాలుగా మోస్తున్నాం, దానివల్ల జబ్బు వస్తుందని రుజువు కాలేదు.

కృష్ణాతీరం | బుధవారం, రాత్రి 9:15

ఇప్పుడు నాకు నిజంగా ఆసక్తి కలిగింది, అందుకే వెటకారం లేకుండా అడుగుతున్నాను. మిరప వైరస్ ఇన్ని తరాలుగా పేగుల్లో తిరుగుతుంటే మన శరీరం దానితో ఎందుకు పోట్లాడదు? రోజూ కందిపప్పు తింటాం, అదీ పరాయి ప్రోటీనే. కందిపప్పు మీద మనకు యుద్ధం లేదు. మరి మీరు పప్పులో టీకా పెడితే దాన్ని కూడా పప్పనే అనుకోదా?

సూక్ష్మదర్శిని | బుధవారం, రాత్రి 11:50

అసలు ప్రశ్న ఇదే. పత్రాలు ఎక్కువగా తప్పించుకునేది కూడా దీన్నే.

పేగు రోజూ చూసే ప్రోటీన్లను వదిలేయడం నేర్చుకుంటుంది. లేకపోతే ప్రతి భోజనమూ ఎలర్జీయే. దీన్ని నోటి సహనం అంటాం. కరిగిన ప్రోటీన్‌ను పదే పదే తినిపిస్తే రక్షణ రాకపోగా, శరీరం దాన్ని పట్టించుకోవడం మానేసే ప్రమాదం ఉంది. డానియెల్ బృందం లెట్యూస్‌నే రెండు వైపులా వాడింది. ఆ లెట్యూస్‌లోని కలరా బి భాగానికి టీకా యాంటిజెన్ జోడిస్తే రక్షణ కోసం. అదే బి భాగానికి హీమోఫీలియా రోగులకు ఎక్కించే రక్త ప్రోటీన్‌ను జోడిస్తే, శరీరం దాన్ని వ్యతిరేకించకుండా ఉండటం కోసం. ఒకే గుళిక, ఎదురెదురు లక్ష్యాలు. ఏ వైపు మొగ్గుతుందో మోతాదు, ఎన్నిసార్లు ఇస్తున్నాం, ప్రమాద సంకేతం ఇచ్చి స్పందనను పెంచే ఎడ్జువెంట్ ఉందా లేదా అన్నవి నిర్ణయిస్తాయి. మీ పప్పులో ప్రమాద సంకేతం లేదు. బతికున్న పోలియో చుక్కల వైరస్ పేగులో పెరుగుతుంది, అదే సంకేతం.

నానో కణాల అసలు ఉపయోగం ఇక్కడ ఉంది. చిన్నపేగు గోడలో పేయర్ మచ్చలు ఉంటాయి. వాటి మీది ఎం-కణాలు అనే జీవకణాలు పేగులోంచి నానో కణాల్లాంటివాటిని ఏరి లోపలున్న రోగనిరోధక జీవకణాలకు అప్పగిస్తాయి. కరిగిన ప్రోటీన్ కన్నా కణ రూపంలో ఉన్నది ఆ దారిన ఎక్కువగా వెళ్తుంది. 10 మైక్రోమీటర్లు మించితే మాత్రం తీసుకోవు. అయితే దాని పైన శ్లేష్మ పొర ఉంది, మరీ అతుక్కునే పదార్థమైతే అక్కడే ఇరుక్కుని మలంతో కొట్టుకుపోతుంది. చింతగింజల జిగురు వాడాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి, దాని గొప్పంతా అతుక్కోవడమే. ఎలుకల్లో ఎం-కణాలను గుర్తుపట్టే ఒక మొక్క లెక్టిన్ (చక్కెర అణువులకు అతుక్కునే ప్రోటీన్) దొరికిందని అందరూ సంబరపడ్డారు, మనిషి ఎం-కణాల మీద ఆ గుర్తు లేదు. కృష్ణాతీరం గారి ఎలుక వెటకారానికి ఇక్కడ నేను చేతులెత్తి మొక్కుతాను.

పాతసీసా | గురువారం, ఉదయం 6:15

తర్వాత చెబుతానన్నది ఇప్పుడు చెబుతాను. 1970లలోనే వెల్లూరులో టి. జాకబ్ జాన్ గారు పోలియో చుక్కలు మన పిల్లల్లో తక్కువగా పనిచేస్తున్నాయని చూపారు. మన దేశం పోలియో లేని దేశంగా 2014 మార్చి 27న ధ్రువపత్రం అందుకుంది, ఒక్కో బిడ్డకు ఎన్నెన్ని సార్లు చుక్కలు వేస్తే అది సాధ్యమైందో నర్సు గారికే తెలుసు. రోటా టీకాలు ధనిక దేశాల్లో రోటావైరస్ వల్ల వచ్చే తీవ్రమైన విరేచనాలను 85 శాతానికి మించి ఆపాయి. హైదరాబాద్‌లో తయారైన రోటావాక్ మన దేశపు పరీక్షలో మొదటి ఏడాది 56 శాతం ఆపింది. అదే వర్గానికి చెందిన ఇతర టీకాలూ పేద దేశాల్లో అంతంతే. 56 శాతమైనా వేల ప్రాణాలు, 2016లో ఆంధ్రప్రదేశ్ మొదటి విడతలోనే తీసుకుంది, మంచి పని.

కానీ ఈ తేడా ఎందుకు? ఆ టీకాలు జీర్ణరసాన్ని దాటలేకపోయాయా? దాటాయి. దాటాక ఎదురైన పేగు వేరు. పదే పదే అంటువ్యాధులతో వాచిన గోడ, పోషకాహార లోపం, తల్లిపాలలోని యాంటీబాడీలు, వేరే రకం బ్యాక్టీరియా. టోక్యోలో ఆరోగ్యవంతులైన మగవాళ్ళలోనే బ్యాక్టీరియా తేడాతో ఫలితం మారితే, మన పల్లెలో ఆరు వారాల బిడ్డ సంగతి ఆలోచించండి.

అందుకే ‘మా కణం ఆమ్లాన్ని తట్టుకుంది, కాబట్టి నోటి టీకా సిద్ధం’ అని ముగిసే పత్రం చూస్తే నాకు చిరాకు. ఆమ్లాన్ని దాటించడం ఈ పనిలో తేలికైన భాగం. అదైనా నిజాయితీగా చేసినవారు తక్కువ. నందివర్ధనం, మీరు ఆ తేలికైన భాగాన్నే తీసుకోండి, కానీ గట్టిగా చేయండి. టీకా చేశానని రాయకండి. ‘ఈ కణంలో ఈ ప్రోటీన్ ఇంతసేపు చెక్కుచెదరలేదు’ అని రాయండి.

నందివర్ధనం | గురువారం, రాత్రి 9:30

అర్థమైంది సార్. గైడు గారితో మాట్లాడాను, ఒప్పుకున్నారు. జెయిన్ ఒకటి, ఆల్జినేట్ ఒకటి, రెండింటినీ పోల్చాలనుకుంటున్నాను. టీకా యాంటిజెన్‌కు బదులు మోడల్ ప్రోటీన్‌గా ఓవాల్బ్యుమిన్ (గుడ్డు తెల్లసొనలోని ప్రోటీన్) తీసుకుందామనుకుంటున్నాను, ఎక్కువ పత్రాల్లో అదే ఉంది. జఠర రసంలో రెండు గంటలు, తర్వాత 6.8 పీహెచ్ ఫాస్ఫేట్ ద్రావణంలో. ఇందులో ఎక్కడ దెబ్బ తింటానో ముందే చెప్పగలరా?

సూక్ష్మదర్శిని | శుక్రవారం, ఉదయం 0:40

రెండు చోట్ల. జెయిన్ నీళ్ళలో కరగదు, 70 శాతం ఆల్కహాల్‌లో కరిగిస్తారు. ఆ ఆల్కహాల్‌లోనే మీ ప్రోటీన్ ఆకారం చెడిపోవచ్చు. మొత్తం ప్రోటీన్ ఎంత ఉందో చూసి తృప్తి పడకండి, యాంటీబాడీ దాన్ని ఇంకా గుర్తుపడుతోందా అని ఎలైజాతో చూడండి. టీకాకు కావలసింది ఆకారమే.

ఆల్జినేట్ కణాలను కాల్షియం పట్టి ఉంచుతుంది. ఫాస్ఫేట్ ఆ కాల్షియాన్ని లాగేస్తుంది. కాబట్టి ఫాస్ఫేట్ ద్రావణంలో మీ కణాలు కరిగిపోతే అది పీహెచ్ మహిమ అని రాయకండి. అదే 6.8 పీహెచ్‌లో ఫాస్ఫేట్ లేని ద్రావణంతో పక్కపక్కనే చేసి చూడండి. ఈ ఒక్క పోలిక లేని పత్రాలు చాలా ఉన్నాయి, పరీక్షకుడు అడిగేదీ ఇదే.

పాతసీసా | శుక్రవారం, ఉదయం 6:05

ఓవాల్బ్యుమిన్ గురించి: అది పెప్సిన్‌కు అంత తేలిగ్గా లొంగదు. ఏ కణంలోనూ పెట్టకుండా విడిగా వదిలినా చాలావరకు నిలుస్తుంది. దానితో చేస్తే మీ కణం లేకపోయినా ఫలితం బాగానే కనిపిస్తుంది. బోవైన్ సీరం ఆల్బ్యుమిన్ (ఆవు రక్తంలోని ప్రోటీన్) అయితే పెప్సిన్ త్వరగా ముక్కలు చేస్తుంది, దాన్ని కాపాడితే కాపాడినట్టే. రెండూ చేయండి. ఏది చేసినా కణం లేని ప్రోటీన్‌ను, ఖాళీ కణాన్ని పక్కన పెట్టి చేయండి. జెయిన్ కూడా ప్రోటీనే కాబట్టి ఖాళీ కణం లేకపోతే మీ ప్రోటీన్ లెక్కలన్నీ గందరగోళం అవుతాయి.

ప్రయోగశాలలో చేసే జఠర రసానికి ఫార్మకోపియా (ఔషధ ప్రమాణాల గ్రంథం) లెక్క లీటరుకు 2 గ్రాముల ఉప్పు, 3.2 గ్రాముల పెప్సిన్, 7 మిల్లీలీటర్ల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పీహెచ్ 1.2 దగ్గర ఉంటుంది. అది పరగడుపున ఉన్న పెద్దవాళ్ళ కడుపు. పాలు తాగిన బిడ్డ కడుపులో ఆమ్లం అంత ఘాటుగా ఉండదు. 3 దగ్గర ఒకటి, 4 దాటి ఇంకొకటి చేయండి. ఆమ్లం తగ్గితే జెయిన్, ఆల్జినేట్ రెండూ వేరేలా ప్రవర్తిస్తాయి, నర్సు గారి బిడ్డకు పనికొచ్చే ఫలితం ఆ రెండింటిలోనే ఉంటుంది.

పల్లెనర్సు | శుక్రవారం, మధ్యాహ్నం 1:20

ఇంకో గిన్నె ఎండలో పెట్టండమ్మా. 45 డిగ్రీల దగ్గర ఒక వారం ఉంచి, తర్వాత ఇవే పరీక్షలు చేయండి.

నందివర్ధనం | శుక్రవారం, రాత్రి 8:55

అది కూడా పట్టికలో చేర్చాను మేడమ్. మా ప్రయోగశాలలో ఇంక్యుబేటర్ ఉంది, ఎండ కోసం వెతకక్కర్లేదు. కణాలను ద్రావణంలోనూ, ఫ్రీజ్ డ్రయింగ్ చేసిన పొడిగానూ రెండు రకాలుగా ఉంచుతాను. మొదటి ఫలితాలు రాగానే ఇక్కడే పెడతాను.